పోయొస్తానన్న దయ్యం

గోవిందమ్మకు భయపడడానికి ఫలానా కారణమంటూ అక్కర్లేదు. మద్రాసు రాయపురంలో వాళ్ళుండే వీధికి హార్బరు సైరన్ వినపడుతుంది. అది మోగితే ఓడేదో మునిగిందనుకునేది. మోగే వేళకు మోగకపోతే, మోగించే మనిషికే ఏదో అయిందనుకునేది. ఐదో క్లాసు చదివింది కాబట్టి పేపర్లో ప్రమాద వార్తలు కూడబలుక్కుని చదవగలదు. ఆ చదువును ఇంకే పనికీ వాడిన పాపాన పోలేదు.

అలాంటి తల్లి కడుపున పుట్టిన శ్రీకుమార్, జనాన్ని భయపెట్టే సినిమా తీస్తానని బయల్దేరాడు.

“భయపెట్టడం అంత కష్టమా? మీ అమ్మను చూడు, కుక్కర్ కూతకే ఉలిక్కిపడతాది,” అన్నాడు తండ్రి ఆదిమూలం.

“అమ్మ లెక్కలోకి రాదు నాయినా. మామూలు మనుషులు భయపడాల,” అన్నాడు కొడుకు.

సినిమా పేరు ‘నెత్తుటి గుట్ట’. టోపీలు, తుపాకులు, గుర్రాలు ఉండే కౌబాయ్ కథ. బందిపోట్లు కొడుకును కాల్చి చంపితే, ఆ దుఃఖంతో చచ్చిపోయిన ముసలి తల్లి దయ్యమై గుర్రమెక్కి వాళ్ళను ఒక్కొక్కణ్ణే వేటాడుతుంది. టోపీలు పాండీ బజారు పేవ్‌మెంటు మీద బేరమాడి తెచ్చారు. రెండు గుర్రాలను మెరీనా నుంచి తెచ్చారు. అంతకు ముందు అవి పిల్లల్ని ఎక్కించుకుని ఇసుకలో తిరిగేవి. సినిమాను నెల్లూరు, చిత్తూరు వైపు ఆడిస్తానని మాటిచ్చిన ఆనందన్ అనే పంపిణీదారు ఒక్కడే ఈ ప్రయత్నంలో కాస్త పెద్ద మనిషి.

గోవిందమ్మ తమ్ముడు కోదండరాంకు సౌకార్‌పేటలో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉంది. అతను మేనల్లుడి చెయ్యి పట్టుకుని ఒప్పందం చేసుకున్నాడు. “ఈ ఒక్క సినిమా తియ్యి కుమారూ. ఆడిందా, నీ దారి నీది. ఆడలేదా, నా కొట్లో వచ్చి కూర్చోవాల. సరేనా?”

“సరే మామా,” అన్నాడు శ్రీకుమార్.

గోవిందమ్మ అమ్మవారి గుడికి పోయి చల్లగా మొక్కుకుంది. సినిమా ఆడకూడదు, బిడ్డ మనసు మాత్రం నొచ్చుకోకూడదు. కొట్లో గుర్రాలుండవు, తుపాకులుండవు, గుట్టలుండవు. ఒకే చేత్తో రెండు వరాలూ ఎట్లా ఇస్తుందో ఆలోచించుకోవలసింది అమ్మవారే గాని తను కాదనుకుంది.

ఆ ఇంట్లో ఒక మాట నిషేధం. గడప దాటేవాళ్ళు ‘పోతున్నా’ అనకూడదు. ఈ పట్టింపు అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. అయితే గోవిందమ్మ పోస్టుమన్ చేత కూడా ‘పోయొస్తా’ననిపించిన మనిషి. శ్రీకుమార్ ఎప్పుడైనా హడావుడిలో “పోతావుండా మా” అన్నాడంటే వీధి మలుపు నుంచైనా వెనక్కి పిలిచేది. లోపలికొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ లేచి “పోయొస్తా” అనాలి, ఆమె “పోయిరా” అనాలి. ఆ లెక్కన అతనికి తప్పిపోయిన బస్సులకు అంతులేదు.

హోటల్ తిండి తిని కొడుకు కడుపు చెడుతుందన్న భయంతో గోవిందమ్మ ఒకనాడు టిఫిన్ క్యారియర్ పట్టుకుని కోడంబాకంలోని డబ్బింగ్ థియేటరుకు వెళ్ళింది. తీరా చూస్తే అక్కడ పని ఆగిపోయి ఉంది. దయ్యానికి గొంతు ఇచ్చే ఆవిడకు జ్వరమట. ఆఖరి మాట ఒక్కటే మిగిలిపోయింది.

“మా, ఆ ఒక్క మాట నువ్వు చెప్పేసెయ్ మా.”

“నేనా? అయ్యయ్యో, మైకులో కరెంటు ఉంటాదేమో నాయినా!”

“కరెంటు లేకుండా మైకు ఎట్ట పని చేస్తాది?” అన్నాడు శ్రీకుమార్, ధైర్యం చెబుతున్నాననుకుని.

సౌండు చూసుకునే కృష్ణన్ తమిళుడు. తెలుగు ముక్క రాదు. గోవిందమ్మ ఊరికే “నమస్కారం” అంటేనే ఆ గొంతు విని లేచి నిలబడ్డాడు. “సార్, వణుకు దానంతటదే ఉంది, మనం ఏమీ కలపక్కర్లేదు,” అన్నాడు తమిళంలో. జీవితంలో మొదటిసారి తన భయాన్ని ఒకరు మెచ్చుకున్నారు. ఆ సంతోషంలో ఆమె మైకు ముందుకు వెళ్ళింది.

పగ తీరిన దయ్యం గుట్టమీద పొగగా మారి శాశ్వతంగా మాయమయ్యే ఘట్టమది. అనాల్సిన మాట, ‘నా పగ తీరింది. ఈ లోకం విడిచి పోతున్నాను!’ తెరమీద పొగ లేచింది. అద్దం అవతల కొడుకు కళ్ళు పెద్దవి చేసుకుని ఆమెనే చూస్తున్నాడు. గోవిందమ్మ ధ్యాసంతా మైకులో కరెంటు మీదే ఉంది. నాలుక దాని పని అది చేసుకుపోయింది.

“నా పగ తీరింది... ఈ లోకం విడిచి పోయొస్తానూ!”

కృష్ణన్ బొటనవేలెత్తి బాగుందన్నాడు. శ్రీకుమార్ మళ్ళీ పెట్టించుకుని విన్నాడు. అతనికి ఏ తేడా తగల్లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ చెవిని తయారు చేసింది గోవిందమ్మే కదా!

శుక్రవారం, రాయపురం వంతెన దిగువనున్న పాత టాకీసులో సినిమా పడింది. హార్బరు కూలీలు, చేపల వ్యాపారులు, వాళ్ళ పిల్లాజెల్లా, తెలుగిళ్ళ వాళ్ళంతా వచ్చారు. గోవిందమ్మ భర్తతోనూ తమ్ముడితోనూ బాల్కనీలో కూర్చుని, మంటలంటుకుంటే ఏ తలుపు దగ్గరో ముందే చూసిపెట్టుకుంది. శ్రీకుమార్ వెనక గోడకానుకుని నిలబడ్డాడు.

దయ్యం తరుముతుంటే పారిపోతున్న బందిపోటు గుర్రం కొంతదూరం పోయి, బీచిలో అలవాటు చొప్పున, దానంతటదే వెనక్కి తిరిగి దయ్యానికి ఎదురొచ్చింది.

“ఇది మన బీచి గుర్రం రోయ్!” అని కింది నుంచి ఒకడు అరిచాడు.

“సుండల్ శనగల పొట్లం చూపించండప్పా, ముందుకు పోతాది!” అని ఇంకొకడు.

హాలంతా నవ్వింది. కోదండరాం మర్యాదకు జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. నవ్వుకుంటూనే జనం కథలో పడ్డారు. దయ్యం గుట్టెక్కేసరికి సద్దు కూడా మణిగింది. గోవిందమ్మ వెనక్కి తిరిగి చూసింది. కొడుకు ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. భయపడుతున్నారు, జనం నిజంగానే భయపడుతున్నారు! అంతలో ఆమె గొంతు హాలు నాలుగు గోడలకూ తగిలి మోగింది.

“ఈ లోకం విడిచి పోయొస్తానూ!”

గుట్టమీద పొగ చెదిరిపోయింది. ఆ తర్వాత బెంచీల్లోంచి ఎవరో తాపీగా, “నిదానంగా పోయిరా అవ్వా!” అన్నారు.

“వచ్చేటప్పుడు పిల్లోళ్ళకు మురుకులు తేవాల!”

“బస్సు ఉండాదా అవ్వా, ఆటో పిలిచేదా?”

తెరమీద శుభం పడినా ఎవరూ లేవలేదు. నవ్వలేక పొట్టలు పట్టుకుని కూర్చున్నారు. గోవిందమ్మ వెనక్కి చూస్తే గోడ దగ్గర కొడుకు లేడు.

ఆమెకు సముద్రం గుర్తొచ్చింది, రైలు పట్టాలు గుర్తొచ్చాయి, వంతెన సరేసరి. మెట్లు దిగుతూ ఏడ్చేసింది. ఆదిమూలం వెనకాలే దిగుతూ, “నవ్వినారని చచ్చిపోతే సినిమాలోళ్ళు ఒక్కడైనా మిగిలుంటాడా? ఊరుకోవే,” అని గదిమాడు. శ్రీకుమార్ టాకీసు ఎదురుగా టీకొట్టు బల్లమీద కూర్చుని ఉన్నాడు. టీ కూడా ముట్టలేదు.

“ఏంది మా ఆ మాట? ‘పోతున్నాను’ అని కదా నేను రాసింది?”

“నేనేమన్నాను నాయినా?”

“పోయొస్తానన్నావు!”

“అట్టనే గదరా అనాల?”

“దయ్యం మా! మళ్ళీ రాకూడదు మా! అదే గదా కథ!”

“దయ్యమైనా తల్లే గదా అది. నిన్ను ఎదురుగా పెట్టుకుని ఆ మాట నా నోట ఎట్ట వస్తాది కుమారూ?”

అతను చల్లారిన టీ గ్లాసును పక్కకు జరిపాడు. “నేనూ విన్నా గదా. నాకూ తెలవలా,” అన్నాడు నెమ్మదిగా. ఆ నెమ్మదితనమే ఆమెకు కోపం కన్నా ఎక్కువ భయం పుట్టించింది.

ఆదివారం వచ్చిన ఒక వారపత్రిక సమీక్షలో ‘దయ్యానికున్న మర్యాదలో సగమైనా కథకు ఉంటే బాగుండేది’ అని రాశారు. ఆదిమూలం చదివి వినిపించబోతే గోవిందమ్మ పత్రిక లాక్కుని బియ్యం డబ్బా కింద వేసేసింది.

సోమవారం పొద్దున శ్రీకుమార్ తలదువ్వుకుని చెప్పులేసుకున్నాడు. ఎవరూ అడక్కుండానే, మాట ప్రకారం, సౌకార్‌పేటకు బయల్దేరాడు. గడప మీద నిలబడి కావాలనే అన్నాడు. “పోతావుండా మా.”

“కుమారూ! వెనక్కి రా నాయినా! కూర్చుని, నీళ్ళు తాగి...”

అతను తిరిగి చూడలేదు.

ఇక గోవిందమ్మ వంట సాగలేదు. మొక్కు సగం తీరింది. ఆ సగం ఇంత చేదుగా ఉంటుందని అమ్మవారు ముందే చెప్పి ఉండొచ్చు కదా! పైగా, భద్రమని తనే కోరుకున్న కొట్టు ఇప్పుడు ఆమె కళ్ళకు వేరేగా కనపడసాగింది. పైకప్పు నుంచి వేలాడే గుండిగెలు, నిలువెత్తున పేర్చిన బిందెలు, ఒక్కటి జారినా చాలు. పైగా ‘పోతావుండా’ అని మరీ వెళ్ళాడు. మధ్యాహ్నానికి టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఆటో ఎక్కేసింది.

శ్రీకుమార్ బతికే ఉన్నాడు. గిన్నెల మధ్య గిన్నెలాగా ఏ భావమూ లేకుండా కూర్చుని ఉన్నాడు. ఆమె మెట్టెక్కుతుండగా, బిందెల మూట నెత్తికెత్తుకున్న కూలీ ఒకడు బయటికొస్తూ గొంతు వణికించి, “పోయొస్తానూ!” అన్నాడు. వీధిలో ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు.

“చూస్తివా అక్కా?” అన్నాడు కోదండరాం. “పొద్దున్నుంచి ఇదే కూత. వచ్చేటప్పుడు మనుషులుగా వస్తాండారు, పోయేటప్పుడు దయ్యాలై పోతాండారు.”

కొడుకు మొహం ఎత్తలేదు. గోవిందమ్మకు ఆ కూలీ నెత్తిమీది మూట లాగి కింద పడెయ్యాలనిపించింది. పడితే వాడి కాలు విరుగుతుందేమోనన్న భయంతో ఊరుకుంది.

అంతలో కొట్టు ముందు స్కూటర్ ఆగి, ఆనందన్ దిగాడు. చెమట తుడుచుకుంటూ శ్రీకుమార్ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఈడ కూర్చుని గరిటెలు అమ్ముతుండావా అప్పా? ఆడ టాకీసులో జనం చూసినోళ్ళే మళ్ళీ వస్తుండారు. ఆఖర్లో హాలు హాలంతా దయ్యంతో కలిసి చెప్తాది. నెల్లూరు నుంచి ఫోను మీద ఫోను. దయ్యం ఎప్పుడొస్తాదని అడుగుతుండారు.”

“అది రాదండీ. అది తప్పు,” అన్నాడు శ్రీకుమార్.

“తప్పో ఒప్పో, పోయొస్తానని మాటిచ్చేసింది గదా! రాకపోతే నా మొహం ఏడ బెట్టుకోను? రెండో భాగం మొదలుపెట్టు.”

“వాళ్ళు భయపడలేదండీ. నవ్వినారు.”

“నవ్వితే ఏమి, తరిమి కొట్టినారా? మళ్ళీ రమ్మన్నారు గదా!”

శ్రీకుమార్ మామ వైపు చూశాడు. కోదండరాం తల గోక్కుని, “ఆడితే నీ దారి నీది అన్నాను. నవ్వి ఆడినా ఆడినట్టే లేబ్బా,” అన్నాడు.

“ఒకటి మాత్రం,” అన్నాడు ఆనందన్. “గొంతు ఆ అవ్వదే కావాల. వేరే గొంతంటే నేను రాను. ఎవరామె?”

మామా మేనల్లుడూ గోవిందమ్మ వైపు తిరిగారు. ఆమె టిఫిన్ క్యారియర్‌ను గుండెలకు అదుముకుంది. తను కాదంటే చాలు. గుర్రం ఉండదు, గుట్ట ఉండదు. కొడుకు రోజూ ఇదే బల్లమీద, కళ్ళెదుట, క్షేమంగా ఉంటాడు. వేలాడే గుండిగెల్ని ఇంకాస్త గట్టిగా కట్టిస్తే సరిపోతుంది. శ్రీకుమార్ బతిమాలలేదు. డబ్బింగ్ థియేటరు అద్దం వెనక నిలబడ్డప్పటి మాదిరిగా, కళ్ళు పెద్దవి చేసుకుని ఆమెనే చూస్తున్నాడు. పొద్దుట్నుంచీ ఆ మొహంలో వెలుగు కనపడడం అదే మొదలు.

“మైకు,” అంది గోవిందమ్మ, “ఇంకొంచెం దూరంగా పెడతారా?”

షూటింగుకు బయల్దేరిన రోజు పొద్దున, ఆమె వంటింట్లో కొడుకు సంచిలో మాత్రలు, కట్టుగుడ్డ, అయోడిన్ సర్దుతోంది. వెనక నుంచి, చెవి పక్కనే, వణుకుతూ ఒక గొంతు లేచింది.

“పోయొస్తానూ!”

గోవిందమ్మ పెట్టిన కేకకు చెంబు ఒకవైపు, సంచి ఒకవైపు ఎగిరిపడ్డాయి. పక్కింటి పొన్నుతాయి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఆదిమూలం పేపరు దించి, “నీ గొంతుకు నువ్వే జడుసుకుంటివా? ఈ సినిమాకు మద్రాసంతటిలో భయపడింది నువ్వొక్కదానివే,” అన్నాడు.

వెనక నిలబడి ఆ గొంతును అనుకరించిన శ్రీకుమార్ మొహం మాత్రం వెలిగిపోయింది. “మా, నిజంగా భయపడినావా?”

“నిజంగానే రా పాపిష్టోడా! చెయ్యి పట్టి చూడు, ఎట్ట వణుకుతుండాదో!”

అతను పట్టి చూశాడు. లెక్కలోకి రాని మనిషి చేతిని, లెక్కలో వేసుకుంటున్నట్టు కాసేపు పట్టుకునే ఉన్నాడు. తర్వాత సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

కొడుకు వీధి చివరికి చేరాక గోవిందమ్మకు మళ్ళీ గుండె ఝల్లుమంది. అతను పోయొస్తానని సరిగ్గానే అన్నాడు. ఆ కేకల గోలలో ‘పోయిరా’ అనడం తనే మరిచింది. కిటికీలోంచి సగం బయటికి వంగి, పడిపోతానేమోనని వెంటనే లోపలికి జరిగి, అక్కడి నుంచే గొంతెత్తి పిలిచింది. శ్రీకుమార్ వాచీ చూసుకోలేదు, గొణగలేదు. వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగాడు.