మోగని రాళ్ళు

తమ్ముడి దవడ సగం ఊడిపోయింది. షెడ్డులో మిషను మీద తిరుగుతున్న సానరాయి పగిలి ముక్క ముఖానికి తగిలింది. అతణ్ని ఆస్పత్రిలో చేర్చి వచ్చిన అన్న, నెత్తుటి చొక్కా కూడా మార్చుకోకుండా, చెల్లెలి మొగుడి చేతిని బెంచీ వైస్ ఇనప పట్టులో పెట్టి బిగించాడు. అన్నకి కోపం వస్తే ముందు చెయ్యి లేస్తుంది, బుద్ధి తీరిగ్గా వస్తుంది.

చెల్లెలు షెడ్డులోకి పరుగున వచ్చేసరికి ఆమె భర్త మోకాళ్ళ మీద ఉన్నాడు. పెదవి చిట్లింది, వేళ్ళు నల్లబడ్డాయి.

"నిన్న వీడూ తమ్ముడూ గొడవపడ్డారు. ఇవాళ వీడు సానరాయి నట్టు వదులు చేశాడు. ఇదీ నా థియరీ," అన్నాడు అన్న.

"అది థియరీ కాదన్నయ్యా, అనుమానం." ఆమె బళ్ళో సైన్సు చెబుతుంది. "తప్పని తేల్చాలని ఎంతమంది చూసినా నిలబడితేనే థియరీ అంటారు. నీదాన్ని ఒక్కసారైనా పరీక్షించావా?"

"పాఠాలు నా దగ్గరొద్దు."

వైస్ పిడి ఇంకాస్త తిరిగింది. లోపల ఎముక పుటుక్కుమంది. భర్త కేక పెట్టాడు.

"ఆగు. పగిలిన రాయి ఈ పెట్టెలోదేగా? బిగించేముందు తట్టి వినాలి. తమ్ముడు తొందరలో వినలేదని ఇందాక ఫోన్లో నువ్వే అన్నావు. మిగతావి విందాం. అన్నీ మోగితే నేను నోరెత్తను."

మొగుడి చెయ్యి పణంగా పెట్టి ఆడిన మాట అది.

మంచి రాయి ఖంగుమంటుంది, లోపల చీలితే దబ్బుమంటుంది. షెడ్డులో అందరికీ తెలుసు. ఆమె ఒక రాయిని వేలికి తగిలించి చెక్క సుత్తితో తట్టింది. దబ్బుమంది. రెండోదీ అంతే. మూడోది తట్టకముందే చేతిలో అంచు ఊడింది.

"ఎవరో పెట్టెను విసిరెయ్యడమో పడేయడమో చేశారు. ఆయన్ని వదులు."

అన్న ముఖం పాలిపోయింది. అయినా పిడి మీది చెయ్యి తియ్యలేదు. తప్పు ఒప్పుకోవడం కంటే ఇంకో మనిషి ఎముకలు విరవడం సులువనిపించే రకం.

"ఇది మాత్రం నీ థియరీ కాదా?" అని పిడిని మళ్ళీ తిప్పబోయాడు.

ఆమె సుత్తితో అతని మణికట్టు మీద బలం కొద్దీ కొట్టింది. చెయ్యి జారలేదు. మళ్ళీ కొట్టింది. ఈసారి అన్న నేలమీద కూలబడ్డాడు. వైస్ వదులు చేసి చూస్తే భర్త రెండు వేళ్ళు చితికిపోయాయి. ఆమె ఏడుస్తూ వాటికి కొంగు చుట్టింది.

అన్న విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నిన్న ఆ పెట్టెను తన్నింది నేనే," అన్నాడు.