ప్రేక్షకులను నిలుపు విద్య

శ్రావణమాసపు సాయంసమయము. ఎగువ కొండలలో కురిసిన వర్షములచే ఎఱ్ఱబారి పొంగి గట్టుల నొరసికొనుచు ప్రవహించుచున్న గోదావరిమీద అస్తమయసూర్యుని కిరణములు మేఘముల సందులనుండి జాఱిపడి రాగిరేకులవలె మెఱయుచుండెను. వంతెనమీద సాగిపోవు రైలుబండి యొక్క గంభీరధ్వని తడిగాలిలో చాలసేపు నిలిచి క్రమముగా సన్నగిల్లుచుండెను. రాజమహేంద్రవరమున దానవాయిపేటలోని యొక సందునందు ఇండ్ల చూరులనుండి నీరు బొట్లుబొట్లుగా రాలుచుండగా మొక్కజొన్నపొత్తులు కాల్చు బండ్లనుండి లేచిన పొగ తడిమట్టి వాసనతో గలిసి మేడగదుల కిటికీలదాక ప్రాకుచుండెను. జనులెల్ల పనులు చాలించి వినోదమును వెదకికొనెడు ఆ వేళయందు ఆ సందులోని యొక మేడగదిలో వసుధ యను యువతి తలుపు దగ్గరగా వేసికొని కంప్యూటరు ముందు గూర్చుండి, ఎవరైన వచ్చి తన యాటను చూతురా యని యెదురుచూచుచుండెను.

వసుధ ఆ యింటి కోడలు. ఆమె భర్తయగు కౌశికుడు నీటిమోటార్ల దుకాణము నడపువాడు. వసుధ భీమవరమున ఇంజనీరింగు చదివెడు కాలమున వసతిగృహపు బాలికలు ఆమె వీడియోగేము ఆడుచుండగా చూచుటకై గదినిండ గుమిగూడి మంచములపై నెక్కి మెడలు సాచి ఊపిరి బిగబట్టి నిలిచెడివారు. ఒంటరి వీరుడొకడు ఖడ్గపాణియై ఏడు ద్వారములుగల కోటయందు జొరబడి ద్వారద్వారమునను ఒక్కొక్క రాక్షసుని గూల్చి ముందునకు సాగవలసిన ఆ క్రీడ మిక్కిలి కఠినమైనదని పేరొందినది. తక్కినవారు పలుమాఱు చచ్చి శత్రువుయొక్క దెబ్బలను కంఠస్థము చేసికొందురు. వసుధ యట్లు గాదు. శత్రువు భుజము కదలినంతనే దెబ్బ యే దిక్కునుండి వచ్చునో గ్రహించి ఆమె వ్రేళ్లు ఆమె యాలోచనకంటె ముందే కదలెడివి. వివాహానంతరము ఆ సఖీజనమంతయు చెల్లాచెదరు కాగా, ఆ విద్యను చూచువారు లేని కొఱత ఆమెను లోలోన దొలుచుచుండెను. అందుచే నామె తన యాటను ప్రత్యక్షప్రసారము చేయ నిశ్చయించెను.

అత్తగారగు అనసూయమ్మ ఒక్క అభ్యంతరమే పెట్టెను.

"ఆడుకుంటే ఆడుకో అమ్మాయ్, నేనేం కాదన్ను. కాని కోడలి మొహం ఊళ్లోవాళ్లందరి ఫోన్లలోనూ కనపడ్డం నాకిష్టం లేదు."

కావున వసుధ ముఖము కనుపింపకయే ప్రసారము మొదలిడెను. తన ఛానలుకు 'ఒంటరి కత్తి' యని పేరిడెను. క్రొత్తగా ఈ రంగమున నడుగిడువారికి అనుభవజ్ఞులు చెప్పెడు హితవులన్నియు ఆమె శ్రద్ధతో విని ఆచరించెను. ప్రతిదినము ఒకే వేళకు ప్రసారము చేసెను. కంఠము స్పష్టముగా వినబడు మైకు సంపాదించెను. వచ్చినవారిని పేరుపెట్టి పలుకరింపవలయునని విని యట్లే చేయబూనెను. కాని క్రింద హాలులో అత్తగారు టీవీ చూచుచుండగా గొంతు పెంచుటకు జంకు. పోరాడునపుడు నోరు కదలించుట ఆమెకు స్వభావవిరుద్ధము. రాక్షసునితో తలపడుచు నడుమ సందు చిక్కినపు డెల్ల "నమస్కారమండీ శ్రీకర్ గారూ, బాగున్నారా?" యని మెల్లగా పలుకునప్పటికి ఆ శ్రీకరుడు వెడలిపోయి యుండెడివాడు. ఎవరును పలుకరింపని యింటి గుమ్మమున క్షణకాలము నిలిచి మఱలిపోవు బాటసారులవలె ప్రేక్షకులు వచ్చుచు పోవుచు నుండిరి. కొన్ని సాయంకాలములయందు ఆమె మహాద్భుతముగా ఆడెను. ఆ సాయంకాలములయందు చూచినవారెవ్వరును లేరు.

కౌశికుని చెల్లెలు ఉజ్వల డిగ్రీ ముగించి ఉద్యోగమునకై యెదురుచూచుచు పుట్టినింట నుండెను. ఆమె నోట మాట నిలువదు. ఒకనాడామె వేయించిన వేరుసెనగల పళ్లెము చేతబట్టి వదినగారి గదిలోనికి వచ్చి మైకు పనిచేయుచున్న సంగతి యెఱుగక తెఱవైపు చూచి ఫక్కున నవ్వెను.

"వదినా, వీడెవడే బాబూ! అచ్చం పెళ్లిలో గారెలు అయిపోయాయని అలిగిన మా ధవళేశ్వరం బాబయ్యలా ఉన్నాడు. ఆ గొడ్డలెందుకు వాడికి, ఓ గారె పడేయ్, పక్కకి తప్పుకుంటాడు!"

వసుధ ఉలికిపడి మైకు ఆపబోయెను. అంతలో తెఱ యంచున ప్రేక్షకుల వ్రాతలు పొడసూపెను. ఎవరో నవ్విరి. ఎవరో ఆ మాటలాడిన దెవరని యడిగిరి. వచ్చినవారు వెడలిపోలేదు, పైగా తమవారిని పిలిచిరి. మాసములతరబడి వసుధ యెదురుచూచిన జనము వేరుసెనగలు నములుచు ఉజ్వల పలికిన నాలుగు మాటలకు వచ్చి నిలిచెను.

నాటినుండి వారిరువురు కలిసి కూర్చుండిరి. కూతురి ముఖము కనుపించుటకు అనసూయమ్మకు అభ్యంతరము లేకుండెను. "దానికి నోరుంది, ఎక్కడైనా బతుకుతుంది" అని ఆమె నవ్వి యూరకుండెను. కెమెరా ముందు ఉజ్వల పనిచేయని కంట్రోలరొకటి చేతబట్టుకొని కూర్చుండును. కెమెరాకు చిక్కని మూలను పీటమీద వసుధ కూర్చుండి ఆడును. ఉజ్వల రాక్షసులకు బంధుత్వములు గట్టును, వీరునికి పెండ్లిచూపులు జరుపును, వచ్చినవారి యూరడిగి ఆ యూరి వంటకము నడుగును. వసుధ మాటలేక ద్వారము తరువాత ద్వారము గెలుచును. చూచువారు ఆ రెండును ఒక్కరివే యని తలచిరి. కొంతకాలమునకు ఛానలు పేరు 'ఉజ్వలక్క అల్లరి' యని మాఱెను. ఆ మార్పు చేసినది వసుధయే. అట్లు మార్చినచో జనులు సులభముగా గుర్తింతురని ఆమెకే తోచినది. మార్చినపిమ్మట ఆమె కొంతసేపు ఆ క్రొత్తపేరును చూచుచు కూర్చుండెను.

ఒకనాడు వారు కూరగాయలకై బజారునకు బోగా కళాశాలలో చదువు బాలిక యొకతె ఉజ్వలను గుర్తించి పరుగున వచ్చెను.

"అక్కా, నాలుగో ద్వారం దగ్గర ఆ గొడ్డలివాణ్ణి ఎలా కొట్టావక్కా? నేనెన్నిసార్లు ఆడినా చచ్చిపోతున్నా."

ఉజ్వల తెల్లబోయి వదినగారివైపు చూచెను. కూరలసంచి మోయుచు వెనుక నిలిచిన వసుధ మెల్లగా జెప్పెను. "వాడు గొడ్డలెత్తినప్పుడు వెనక్కి పోకమ్మా. ముందుకే దూకు. చంక కిందికి వెళ్తే వాడికి అందవు."

ఆ బాలిక ఆశ్చర్యముతో వసుధవైపు తిరిగి "మీరు కూడా అక్క లైవ్ చూస్తారా ఆంటీ?" అనెను.

ఉజ్వల ఏదియో చెప్పబోగా వసుధ ఆమె చేయి నొక్కి వారించి "చూస్తానమ్మా, రోజూ చూస్తాను" అని ముందునకు సాగెను. ఆ సాయంకాలము భోజనముకడ ఉజ్వల ఆ సంగతి బాధతో జెప్పగా కౌశికుడు నవ్వి "ఆట ఎవరైనా ఆడతారే. నలుగుర్నీ కూర్చోపెట్టడం కదా గొప్ప! మీ వదిన ఎలాగూ చేతిసాయం చేస్తూనే ఉంది" అనెను. పప్పు రుబ్బుటకును బట్టలు మడచుటకును వాడెడు ఆ 'చేతిసాయ' మను మాట వసుధ గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఆమె భర్తకు మజ్జిగ వడ్డించి లేచెను.

అప్పటికి ఆఱు ద్వారములు ముగిసి ఏడవద్వారము మాత్రమే మిగిలియుండెను. అచ్చట నిలిచిన కోటరాణిని తెలుగువారిలో ప్రసారముచేయుచు జయించిన వా రెవ్వరును లేరని ప్రేక్షకులు చెప్పుకొనుచుండిరి. వసుధ ఆడుబిడ్డతో నిట్లనెను.

"ఉజ్జూ, ఏడో ద్వారం నేనే ఆడతాను. నా మొహంతో, నా పేరుతో."

"ఎప్పట్నించో నేనే అందామనుకుంటున్నా వదినా" అని ఉజ్వల ఆమెను గౌగిలించుకొనెను. ఆ మాట కపటము గాదు. తల్లిని ఒప్పించినదియు ఉజ్వలయే. మఱునాటి ప్రసారమున ఆమె కెమెరావైపు సూటిగా జూచి "నాకు ఆట రాదు. ఇన్నాళ్లూ ఆడింది మా వదిన. ఏడో ద్వారం తనే ఆడుతుంది, అందరూ రండి" అని ప్రకటించెను. మోసపోయితిమని జనులు కోపింతురని వసుధ భయపడెను. వారు కోపింపలేదు. అదియు నొక హాస్యమని తెఱయంచున చప్పట్ల బొమ్మలు కురిపించిరి. ఆ చప్పట్లలో తనకు రావలసిన గౌరవము తొలిసారిగా వినబడినట్లు వసుధకు తోచెను.

నిశ్చితదినమున ఆమె తలంటుకొని లేతపచ్చని మంగళగిరి చీర గట్టుకొని మూలనున్న పీట విడిచి కెమెరాయెదుట కుర్చీలో గూర్చుండెను. జనుల చూపు ఆమెమీదనే నిలువవలెనని ఉజ్వల గది యవతల నిలిచెను. ప్రేక్షకులు వెల్లువగా వచ్చిరి. వసుధ "నమస్కారమండీ, నా పేరు వసుధ" అని పలికి కొందఱిని పేరుపెట్టి పలుకరించెను. పిదప కోటరాణి సింహాసనమునుండి లేచెను. వసుధకు మఱేమియు కనబడలేదు.

ఆ పోరాటమును వర్ణింప నలవి గాదు. జంటఖడ్గములతో సుడిగాలివలె దిరుగు ఆ రాణి చుట్టును వసుధ నడపు వీరుడు నీడవలె దిరిగెను. ప్రాణము సన్నని దారమంత మిగిలిన క్షణమున వెనుదీయక ఆమె ముందునకే నడచెను. నుదుట చెమట బిందువులు నిలిచెను; పెదవులు బిగిసెను; ముఖమున నవ్వును లేదు, మాటయు లేదు. ఆ మౌనమే ఆమె జీవితమంతయు సాధించిన ఏకాగ్రత. తెఱయంచున వ్రాతలు మాత్రము ఒకటొకటిగా రాలుచుండెను. ఉజ్వలక్క యేదని యొకరు. వదినగారు పరీక్ష వ్రాయుచున్నారా యని యొకరు. కొంచెము నవ్వుమని యొకరు. నిద్ర వచ్చుచున్నదని యొకరు. వ్రాసినవారు వెడలిపోయిరి, వ్రాయనివారు అంతకు ముందే వెడలిపోయిరి.

రాణి కూలెను. కోటతలుపులు తెఱుచుకొనెను. వసుధ దీర్ఘముగా నిశ్వసించి కన్నులలో నీళ్లు నిండగా తల యెత్తి చూచునప్పటికి ఆమె యెదుట మిగిలినవారు గుప్పెడుమంది. వారిలో నొకడు వ్రాసెను: అయిపోయిందా, ఇక అక్కను పిలవండి.

తలుపు చాటునుండి ఫోనులో చూచుచున్న ఉజ్వల నిలువలేక లోనికి పరుగెత్తి వచ్చి వదినగారి మెడ గౌగిలించుకొని కెమెరావైపు తిరిగెను.

"మీకు సిగ్గులేదా? మీరంతా మనుషులేనా? ఎవ్వరివల్లా కానిది మా వదిన చేసి చూపిస్తే వెళ్లిపోతారా? ఎన్నాళ్లు ఆ మూల పీటమీద కూచుందో తెలుసా మీకు?" అని వెక్కివెక్కి యేడ్చెను. ఆ కన్నీరు నిజమైనది. ఆ కోపము నిజమైనది. అందుచేతనే కాబోలు ఉజ్వలక్క యేడ్చుచున్నదన్న వార్త క్షణములలో వ్యాపించి, వెడలిపోయినవారును మునుపెన్నడు రానివారును గుంపులుగా వచ్చి పడిరి. ఏడ్వవద్దని బ్రతిమాలిరి. నీవంటి ఆడుబిడ్డ యెవరికుండునని కీర్తించిరి. తెఱుచుకొన్న కోటతలుపులను గూర్చి యెవరును అడుగలేదు. ఉజ్వల ముందునకు వంగుటచే తెఱపై వసుధ యొక్క భుజమును చీరయంచును మాత్రమే కనబడుచుండెను. తన విద్యతో పాటు తన దుఃఖము సైతము ఆడుబిడ్డ చేతిలోనికి బోయినదని వసుధ యెఱిగెను. ఆమె మెల్లగా ఆ కౌగిలి విడిపించుకొని లేచి వెడలెను. ఆమె వెడలుటను చూచినవారు లేరు.

కొన్నిదినములు ప్రసారము జరుగలేదు. ఒక మధ్యాహ్నము ఉజ్వల వదినగారియొద్దకు వచ్చి చీర చెఱగుతో వ్రేళ్లు చుట్టుకొనుచు నిలిచెను.

"వదినా, మళ్లీ పెట్టమంటున్నారు. కాని... నన్నే ఆడమంటున్నారు."

"నీకు రాదు కదా ఉజ్జూ."

"రాకపోతేనే బావుంటుందట. నేను చచ్చిపోతూ తిట్టుకుంటూ ఉంటే చూస్తారట" అని ఉజ్వల తలవంచుకొని "నీకిష్టం లేకపోతే మానేస్తాను. ఒట్టు, వదినా" అనెను.

వలదన్నచో ఉజ్వల మానునని వసుధ యెఱుగును. మానినను ఆ జనము తనయొద్దకు రారనియు నెఱుగును. ఆమె లేచి తన కంట్రోలరును దెచ్చి ఆడుబిడ్డ చేతిలో నుంచి, దూకుటకు నొక్కవలసిన మీటయు కొట్టుటకు నొక్కవలసిన మీటయు జూపి "ఇంతే. వెళ్లు" అనెను.

నాటి సాయంకాలము మేడగదినుండి నవ్వులు వినవచ్చుచుండెను. వసుధ ఆరిన బట్టలు తీసికొని మెట్లెక్కుచు ఆ గది గుమ్మముకడ ఆగెను. లోపల ఉజ్వల మొదటి ద్వారముకడనే పడిపోవుచు, లేచుచు, కావలివానిని వరుసపెట్టి పిలిచి ప్రాధేయపడుచు, మఱల పడిపోవుచుండెను. ఎప్పుడు దూకవలెనో వసుధకు దెలియును. ఎప్పుడు కొట్టవలెనో తెలియును. ఆమె వ్రేళ్లు బట్టలమూట క్రింద తమంతట తామే కదలెను. ఒక్క క్షణము నిలిచి పోదమనుకొన్న ఆమె అట్లే నిలిచిపోయెను. వీరుడు కందకములో దబ్బున పడగా "చచ్చాన్రా నాయనా, ఈత కూడా రాదు!" అని ఉజ్వల నెత్తి కొట్టుకొనెను. వసుధ నవ్వెను.

నవ్వినపిమ్మట గాని తాను నవ్వినట్లు ఆమెకు దెలియలేదు. ఇంతకాలము తన్ను విడిచిపోయిన జనులను మూఢులని నిందించుచు ఊరడిల్లిన ఆమెకు ఆ యూరటయు నిక లేకపోయెను. వసుధ నోటిమీద చేయి వైచుకొని ఆ చీకటి గుమ్మమున పేరులేని ప్రేక్షకులలో నొక ప్రేక్షకురాలై, తరువాత నేమగునో చూతమని నిలిచియుండెను.