వంతు కాని వేళ మంచు

సముద్రానికీ కొండకీ మధ్య ఆ ఊరికి మిగిలింది రెండు వీధుల నేల. చలికాలపు గాలి సముద్రం మీద తాగినన్ని నీళ్లు తాగి, కొండ దాటలేక, ఆ బరువంతా ఆ రెండు వీధుల మీదే దించుకుంటుంది. ముందురోజు సాయంత్రం ఉరిమింది. చలికాలంలో ఉరిమితే తెల్లారేసరికి నడుము లోతు మంచని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. అన్నట్టే పడింది.

ఆ మంచు పారబోయడానికి వీధి కింద కాలువ ఉంది. కొండ మీది ఏటినీళ్లు అందులోంచి ఉరుకుతూ వెళ్లి సముద్రంలో పడతాయి. ఎనిమిదింటికి పై వీధి వంతు, తొమ్మిదింటికి కింది వీధి వంతు. అందరూ ఒక్కసారే పోస్తే కాలువ పూడి నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. ఇంటి ముందు కాలువ మీది ఇనపమూత తీసినవాళ్లు పక్కనే ఎర్రజెండా కర్ర పాతాలి.

కింది వీధిలో ఎండుచేపల కొట్టు నడిపే షిగెనోకి అరవై రెండేళ్లు. మనసు మంచిదే, ఓపికే లేదు. ఆ ఉదయం వంతు రాకముందే మూత తీసేసింది. జెండా పాతితే ఎదురింటి ఇవాకిచి తాత కంట పడుతుందని పాతలేదు. ముప్ఫై ఏళ్లుగా వంతుల పట్టిక రాసేది ఆయనే. ఎవరైనా పెద్ద ముద్ద పడేస్తే వాళ్ల ఏడు తరాలనీ తలుచుకుని మరీ తిట్టేవాడు.

లోపల పొయ్యి మీద పులుసు పొంగిన చప్పుడైతే దించడానికి వెళ్లింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. తెరిచిన మూత పక్కన తాత టోపీ ఉంది, తాత లేడు.

కాలువలో పడ్డాడని షిగెనోకి అర్థమైంది. ఇరవై అడుగుల దిగువన చెత్త ఆపే ఇనపచువ్వలు ఉన్నాయి. పడుతూ లేస్తూ పరుగెత్తి అక్కడి మూత లాగింది. తాత చువ్వలకి అతుక్కుని ఉన్నాడు. నీళ్లు రొమ్ము దాటాయి, పైనుంచి కొట్టుకొచ్చే మంచు ఆయన వీపు వెనక పేరుకుంటోంది. మణికట్టు పట్టుకుని లాగింది. కేక విని సేమ్యా అంగడి నడిపే హిదెతో అనే కుర్రాడు వచ్చి రెండో చెయ్యి అందుకున్నాడు. ఇద్దరి బలమూ ఆ నీటి ముందు చాల్లేదు. కొండ మీది తూము మూయించాలంటే ఈ మంచులో అరగంట నడక.

నీళ్లు మెడ దాకా వచ్చాయి. షిగెనో తన కొట్టు ముందు తెరిచి ఉన్న మూత వైపు చూసింది. ఏం చెయ్యాలో తెలిసిపోయింది.

"అందరినీ పిలిచి నా మూతలో మంచు పొయ్యండి. పెద్ద ముద్దలే వెయ్యండి. ఇటు నీళ్లు రాకుండా కాలువ పూడిపోవాలి."

"అక్కా, నీళ్లన్నీ నీ కొట్లోకే పోతాయి. ఏడాది సరుకంతా కిందే కదా ఉంది," అన్నాడు హిదెతో.

"పోతే పోనీరా. నువ్వెళ్లు, చెయ్యి నేను పట్టుకుంటాను."

హిదెతో కేకలకి పై వీధి వాళ్లు పారలతో వచ్చి పడ్డారు. మంచు గోడలు విరిచి దొర్లించారు. కాలువ మూలిగింది, మింగలేకపోయింది. నీళ్లు మూతలోంచి పైకి లేచి వీధి మీద పరుచుకుని, గడప దాటి కొట్లోకి దూరాయి. వెదురు తట్టలు ఒక్కొక్కటే తేలడం షిగెనోకి కనిపిస్తూనే ఉంది. ఆమె పట్టు వదల్లేదు. దిగువన మాత్రం నీళ్లు మెడ నుంచి రొమ్ముకి, రొమ్ము నుంచి మోకాళ్లకి దిగాయి. నలుగురూ కలిసి తాతని పైకి లాగారు.

ఆయన పెదవులు నేరేడుపళ్లలా ఉన్నాయి. దుప్పట్లు చుట్టి కూర్చోబెట్టాక, చాలాసేపటికి కళ్లు తెరిచి కాలువ వైపు చూశాడు.

"అంతంత ముద్దలు ఎవరేశారు?"

"నేనే వేయించాను తాతా. మూత తీసిందీ నేనే. నీకు కనపడకూడదనే జెండా పాతలేదు."

"కనపడింది లేవే. కిటికీలోంచి చూశాను." పళ్లు టకటకలాడుతుంటే మాట కూడదీసుకున్నాడు. "జెండా లేదు కదా, ఎవరైనా పడిపోతారని నాది పట్టుకొచ్చాను. పాతుతుంటే కాలు జారింది, జెండా అక్కడే మంచులో పడిపోయింది."

షిగెనో వెనక్కి తిరిగి చూసింది. కొట్లో మోకాలి లోతు నీళ్లలో, చేపల తట్టల మధ్య, తాత ఎర్రజెండా తేలుతోంది.