గూడు లేని గోడ

కొండలెక్కే కంప్యూటర్ ఆట రెండో భాగం విడుదలైనప్పటి నుంచీ తమ్ముడికి అన్నం సహించడం లేదు. ఆడినవాళ్లంతా అభిప్రాయాలు రాస్తున్నారు. మంచు బాగుందట, గుహలు ఇంకా బాగున్నాయట, తిరగడానికి మొదటి భాగం కన్నా బోలెడు చోటుందట. ఆఖరి గోడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే ఏడుపు. పట్టు దొరకదు, ఆగే చోటు లేదు, సగం దాకా పోయి జారితే మళ్లీ అడుగు నుంచే. "ఈ గోడ కట్టినవాడెవడో గానీ, వాణ్ణి ఒక్కసారి ఎక్కమనండి" అని ఒకాయన రాస్తే దానికి లైకులు కుప్పలుగా పడ్డాయి.

కట్టినవాడు తమ్ముడే. మొదటి భాగాన్ని అక్కాతమ్ముళ్లిద్దరూ ఇంట్లో భోజనాల బల్ల మీద తయారుచేశారు. అతను కొండలు కట్టేవాడు, అక్క ఎక్కి చూసి ఎక్కడ బాగాలేదో చెప్పేది, అతను సరేనంటే సరిచేసేది. ఆటకు పేరొచ్చింది, ఆఫీసొచ్చింది, తమ్ముడికి గాజు తలుపున్న గదొచ్చింది. అక్క ఇప్పటికీ ఎక్కి చూస్తుంది, చెబుతుంది. అతను తెర మీంచి తల ఎత్తకుండానే "ఊఁ, చూద్దాంలే అక్కా" అంటాడు. చూసిన పాపాన పోడు.

శుక్రవారం ఆటలో చేసిన మార్పులు ఆడేవాళ్లకు వెళ్లాలి. గోడను ఇలాగే ఉంచాలా, తేలిక చేయాలా అన్నది ఆలోగా తేలాలి. తేలిక చేయడమంటే తమ్ముడికి ప్రాణం పోయినట్టే. ఇది చాలదన్నట్టు అక్క టీ తాగుతూ, వాన పడేలా ఉందని చెప్పినంత మామూలుగా, "ఈ మార్పులు వెళ్లాక నేను వేరే ఆఫీసు చూసుకుంటా రా" అంది. అలిగిందనుకున్నాడు. అలక దానంతటదే తీరుతుందిలే అనుకున్నాడు.

గోడను కాపాడుకోవడానికి అతనికో ఉపాయం తట్టింది. "ఉడుం" అని పేరు పెట్టుకుని, ఆడేవాళ్లలో ఒకడిలా అభిప్రాయాల మధ్యలోకి దూరాడు. గోడ అద్భుతమనీ, చేతకానివాళ్లే ఏడుస్తారనీ రాశాడు. తను కట్టిన గోడను తనే పొగుడుకోవడానికి ఎవరికైనా కాస్త సిగ్గుండాలి. ఆ వారం అతనికి లేదు.

"నిమ్మళం" అనే పేరుతో ఎవరో దానికి జవాబిచ్చారు. కోపం లేదు, వెటకారం లేదు. "కష్టంగా ఉండడం తప్పు కాదండీ. మొదటి భాగంలో ఇంతకన్నా కష్టమైన గోడలెక్కాం. కానీ అక్కడ ఎక్కడో ఒకచోట కూర్చుని, వచ్చిన దారి చూసుకునేవాళ్లం. ఇక్కడ అది లేదు." తమ్ముడు జవాబు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. వారమంతా భోజనం మానేసి మరీ వాదించాడు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి మాటల్లో పస ఉందని ఒకటి రెండు చోట్ల ఒప్పుకున్నాడు కూడా.

గురువారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక ఇలా రాశాడు: "కూర్చోడానికి చోటు లేదంటారేంటండీ? సగం ఎత్తులో ఎడమ పక్కన చిన్న గూడుంది. అందులో కూర్చుంటే పైన దారంతా కనబడుతుంది. నేనెప్పుడూ అలాగే ఎక్కుతా."

ఈసారి జవాబు అందరికీ కనబడేచోట రాలేదు. అతనొక్కడికే వచ్చింది.

"ఆ గూడు ఇప్పుడు ఆటలో లేదురా. విడుదలకి ముందు నువ్వే తీసేయమన్నావు, నా చేత్తో నేనే తీశాను. నువ్వింకా నీ దగ్గరున్న పాత కాపీలోనే ఎక్కుతున్నట్టున్నావు. చూసుకో."

తమ్ముడి మొహం కందగడ్డయింది. గాజు తలుపులోంచి చూస్తే, అక్క తన బల్ల దగ్గర తాపీగా బిస్కెట్టు టీలో ముంచుకుంటోంది.

పాత కాపీ మూసేసి, జనం ఆడుతున్న ఆటనే తెరిచాడు. ఎక్కాడు. సగం ఎత్తులో అలవాటు కొద్దీ గూడు కోసం ఎడమకి తిరిగాడు. అక్కడ నున్నటి రాయి ఉంది. జారాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ జారాడు. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా పైకి చేరలేకపోయాడు. గూడు తీసేశాక ఆ గోడను అతనెప్పుడూ ఎక్కి చూడలేదు.

లేచి అక్క దగ్గరికి వెళ్లాడు.

"నాతోనే చెప్పొచ్చుగా అక్కా."

"చెప్పాను. తీసేటప్పుడు చెప్పాను, తీశాక చెప్పాను. నువ్వు తల ఎత్తలేదు." అక్క గొంతు పెంచలేదు. "ఎవరో పరాయివాళ్లనుకుని వారమంతా విన్నావు, తిండి మానేసి మరీ విన్నావు. నేను పేరు మార్చుకుంటే గానీ నా మాట నీ చెవికెక్కలేదు. వెళ్తానన్నది అందుకే. అలిగి కాదు."

తమ్ముడికి ఏడుపొచ్చినంత పనైంది. "గూడు మళ్లీ పెడతావా?" అన్నాడు.

"పెడతా. ఇక్కడున్నన్నాళ్లూ నా పనేగా అది."

శుక్రవారం మార్పులు వెళ్లాయి. ఏం మారిందో ఆడేవాళ్లకు చెబుతూ ప్రతిసారీ తమ్ముడే నాలుగు ముక్కలు రాస్తాడు. "ఆఖరి గోడ మధ్యలో ఆగడానికి గూడు పెట్టాం. అది ఉండాలని మా అక్క మొదట్లోనే చెప్పింది. నేను వినలేదు" అని రాసి, ఎవరికీ చూపించకుండా పంపేశాడు.

అభిప్రాయాలు మొదలయ్యాయి. ఇప్పుడు మరీ తేలికైపోయిందని కొందరు, ఏమైనా మొదటి భాగమే నయమని కొందరు. వాటి మధ్య ఒకరు రాశారు: "అక్క మాట అప్పుడే వినుంటే మాకిన్ని పాట్లు తప్పేవి కదరా నాయనా!"

దాని కింద నిమ్మళం పేరు మీద లైకు పడింది. గాజు తలుపు అవతల అక్క నవ్వు వినబడింది. తమ్ముడు తల ఎత్తి చూశాడు.