మిద్దె మీద పిడివాదం

కన్నడ సీమలోని హెబ్బగోడిలో మునినారాయణప్పది మూడంతస్తుల ఇల్లు. కింద తనూ భార్య సొన్నమ్మా ఉంటారు. పై గదులన్నీ ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళకు అద్దెకిచ్చాడు. ఆ ఇంట్లో నియమాలకు లోటు లేదు గానీ, అన్నిటికన్నా గట్టిది మిద్దె సంగతి. బట్టలు ఆరేసుకోవచ్చు, వడియాలు పెట్టుకోవచ్చు, మన్ను మాత్రం గుప్పెడైనా మెట్లెక్కడానికి వీల్లేదు. మన్ను పెడితే తేమ దిగుతుంది, తేమ దిగితే కప్పు కారుతుంది. అంతే, ఇక మాట లేదు.

పై అంతస్తులో ఉండే మార్తకు ఇది కొరుకుడు పడలేదు. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వచ్చి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తోంది. వాళ్ళమ్మ గోంగూర విత్తనాలు పొట్లం కట్టి పంపింది. రెండు కుండీలు పెట్టుకుంటానని ఆయన్ని మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ కుదరదన్నాడు. ఆ మంటలో, డ్యూటీలో ఉన్న తన గదిమేటు జెస్సీకి ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసి పంపింది. అవి జెస్సీకి కాక, ఓనరుతో సహా ఇంట్లోవాళ్ళంతా ఉండే గ్రూపులోకి పోయాయని ఆమె చూసుకోలేదు.

పావుగంటకు మునినారాయణప్ప మెట్లెక్కి వచ్చాడు, వెనకే సొన్నమ్మ. ఆయన చేతిలో వెలుగుతున్న ఫోన్ చూడగానే మార్తకు సంగతి అర్థమైంది.

"ఏమో తెలుగులో రాసినావమ్మా. మాది తెలుగే, మాట్లాడేకి వస్తాది, సదివేకి రాదు. మేము సదివింది కన్నడం. రోంత సదివి చెప్పు," అన్నాడు.

కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని రాశానంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, తనకు రాని అక్షరాలను చూస్తూ, ఆమె ఏది చెబితే అదే నిజమన్నట్టు నిలబడ్డాడు. మార్తకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. తల వంచుకుని చదివేసింది.

"ఓనరుతో మాట్లాడి లాభం లేదే. వట్టి పిడివాది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు."

సొన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. మునినారాయణప్ప మాత్రం నొచ్చుకున్నట్టు లేడు. ఆ కుందేలు ఆయనకు తెలుసు, కన్నడంలోనూ దానికి మూడే కాళ్ళు. తెలియంది ముందున్న మాట. పిడివాది అంటే ఏమని అడిగాడు.

మార్త బెదురుతూనే చెప్పింది. కత్తికి పిడి ఉంటుంది కదా, చేత్తో పట్టుకునే చోటు. పిడికిలిలోనూ ఆ పిడే ఉంది. తన మాటను అలా బిగించి పట్టుకుని, ఎవరేం చెప్పినా వదలని మనిషి పిడివాది. బళ్ళో తెలుగు మాస్టారు అలాగే చెప్పారు.

"పిడి," అని ఆయన తనలో తాను అనుకున్నాడు. "మన పాలు కన్నడంలో హాలు. మన పులి హులి. అట్లయితే మన పిడి వాళ్ళ హిడి. హిడి అంటే పట్టుకో అనే కదా. సొన్నా, రెండు బాసలూ ఒకే నోట్లో పెట్టుకోని ఉండాను, ఇన్నాళ్ళూ ఇది తెలిసిందే లేదు."

తిట్టు సంగతి అందరూ మరిచిపోయారు. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుని పువ్వుకు హూవు వెతికాడు, సొన్నమ్మ పండుకు హణ్ణు అందించింది. డ్యూటీ దిగి వచ్చిన జెస్సీ, ఓనరు తమ గుమ్మంలో కూర్చుని పందీ హందీ అంటూ నవ్వుతుంటే నోరు తెరిచి చూసింది.

ఆ నవ్వులో మార్తకు ధైర్యం వచ్చింది. కుండీల వల్ల కప్పు కారడం ఎప్పుడైనా చూశారా అని అడిగింది. మన్ను పెడితే కప్పు కారుతుందన్నది పదహారేళ్ళ కింద ఆ కప్పు పోసిన మేస్త్రీ అన్న మాట.

"సూడలేదమ్మా," అన్నాడు. "ఆయప్ప చెప్పినాడు, నేను పట్టుకుంటిని."

నెల రోజులు ఒక్క కుండీ పెట్టి చూద్దామన్నాడు. సరిగ్గా మార్త వాళ్ళ గదికి పైన, ఇటుకల మీద. ఇక రోజూ పొద్దున్నే తలుపు తట్టడం, మెడ ఎత్తి కప్పు చూడడం, దిగిపోవడం. ఎనిమిదో రోజు స్టూలు తెచ్చుకుని ఎక్కి అరచేత్తో తడిమి చూశాడు. నెల తిరిగినా కప్పు పొడిగానే ఉంది.

మరుసటి ఆదివారం ఆయన స్కూటర్ మీద రెండు మూటల ఎర్రమన్ను వచ్చింది. తన పొలాలు ఫ్యాక్టరీల కిందికి పోయాక ఆయన మట్టి ముట్టుకోలేదట. మిద్దె మీద గొంతుక్కూర్చుని మన్నూ పేడా కలుపుతూ ఉంటే, అన్నానికి రమ్మని సొన్నమ్మ కింది నుంచి రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఇప్పుడక్కడ ఇరవై కుండీలున్నాయి, వాటికీ నియమాలున్నాయి. ఎండ పడకముందే నీళ్ళు పోయాలి. గోంగూరను పుంటికూర అనే అనాలి. రెండోది మార్త ఒప్పుకోలేదు, ఒప్పుకోదు. మొదటి కోత సొన్నమ్మ పప్పులో వేసి వండింది. ఆ పూట మార్తా మునినారాయణప్పా పక్కపక్కన కూర్చుని, దాని పేరు దగ్గర వాదించుకుంటూనే మారు వడ్డించుకుని తిన్నారు.