ప్రసాదం బరువు

అద్దెకు తెచ్చిన చిన్న విమానం తోక భాగం నిండా లడ్డూ గంపలు పెట్టించాడు నగరి మరమగ్గాల యజమాని దేవరాజులు.

"బరువెక్కువైంది సార్. ఒక ఇంజను ఆగితే రెండోది మోయలేదు. గంపలు దించితేనే నడుపుతాను," అన్నాడు పైలట్ సంపత్కుమార్.

"స్వామి ప్రసాదం బరువంటావా? నామాలు పెట్టుకునేటోళ్ళింట్లోనే పుట్టినావా అప్పా నువ్వు?"

దేవరాజులు భార్య చౌడేశ్వరమ్మకు ప్రాణభయం పట్టుకుంది. మొగుడు అరుస్తున్నా వినకుండా గంపలన్నీ దింపించి, రేణిగుంట విమానాశ్రయం కూలీలకు పంచేసింది.

విమానం నేల విడవగానే ఎడమ ఇంజను ఆగిపోయింది. ఒరిగిపోతున్న విమానాన్ని సంపత్కుమార్ నిలబెట్టి, ఒక్క ఇంజనుతోనే చుట్టు తిప్పి, క్షేమంగా దించాడు.

"స్వామే కాపాడినాడు," అన్నాడు దేవరాజులు విమానం దిగుతూ.

"అవును, మీ గంపల్నించి కాపాడినాడు," అంది చౌడేశ్వరమ్మ.

బయట కూలీలు ఈలలు వేస్తూ సంపత్కుమార్‌ను భుజాలకెత్తుకున్నారు.