ఓదెలు జేబులో గోలీ

నేను ఒక బీపీ గోలీని. హైదరాబాద్ పొలిమేరలో ఓ ఫ్యాక్టరీలో పిండిగా పుట్టి, యంత్రం నొక్కితే గుండ్రంగా తేలి, రేకు అట్టలో సర్దుకుని పెద్దపల్లి చేరాను. మందుల షాపువాడు మా అట్టను కత్తెరతో కోసి ఆటో నడిపే ఓదెలు చేతిలో పెట్టాడు. ఓదెలు పొద్దున్నే చాయ్ తాగి, దేవుడికి దండం పెట్టుకున్నంత నిష్ఠగా మాలో ఒకరిని మింగేవాడు. మనుషుల్లో ఇంత బుద్ధిమంతుడు దొరకడం మా అదృష్టమని మురిసిపోయేవాళ్లం.

అంతలో ఆయన బిడ్డ రవళికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఎక్కించాల్సి రావచ్చు అన్నారు పెద్దాసుపత్రిలో. పిల్లది ఓ నెగెటివ్. ఎంత గాలించినా ఆ గ్రూపు ఓదెలుకే ఉంది. పక్క మంచం దగ్గరి పెద్దమనిషి ఒకాయన ఫోన్‌లో ఏదో చూసి, బీపీ గోలీలు మింగేవాళ్ల ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోవట, కారే రక్తాన్ని ఆపలేవట, అవి ఎక్కించినా దండగేనట అని చెప్పాడు. అంతే, ఆ పూట నుంచి ఓదెలు మమ్మల్ని ముట్టలేదు. బిడ్డకిచ్చే రక్తం శుభ్రంగా ఉండాలని మమ్మల్ని జేబులోనే పెట్టుకు తిరిగాడు. డాక్టరును ఒక్క మాట అడిగితే సొమ్మేం పోయింది?

పూర్తిగా అబద్ధమా అంటే కాదు. మాలో కొన్ని రకాలు ప్లేట్‌లెట్ల జిగురును కాస్త తగ్గిస్తాయి. ఆ కాస్తకు దానం చెడిపోదు. చెబుదామంటే నాకు నోరేదీ? ఆయన గుండె దడదడ కొట్టుకోవడం జేబులోంచి వింటుంటే, కడుపే లేని నాకూ కడుపు తరుక్కుపోయేది.

ఇవాళ రవళి చిగుళ్ల నుంచి రక్తం మొదలైంది. వెంటనే ఎక్కించాలన్నారు. బ్లడ్‌బ్యాంకులో సిస్టర్ ఓదెలు చేతికి పట్టీ చుట్టి చూసింది. నమ్మకం కుదరక మళ్లీ చూసింది. బీపీ ఇంత ఉంటే తీయకూడదు, మీ ప్రాణానికే ముప్పు అంది. గోలీలు వాడడం లేదా అని అడిగింది.

"బిడ్డ కోసమే బందువెట్టిన మేడం," అన్నాడు ఓదెలు.

"ఎప్పటి లెక్కనే మింగి వస్తే తీసుకునేటోళ్లమే గద అన్నా," అంది ఆమె మెల్లగా.

 ఓదెలు జేబులోంచి అట్ట బయటకు లాగి, రేకు చించి, నీళ్లైనా లేకుండా నన్ను నోట్లో వేసుకున్నాడు. నేను పని చేయడానికి గంటలు పడుతుంది. రవళికి అంత వ్యవధి లేదు. ఆయన మాత్రం చొక్కా చేయి పైకి మడిచి, మళ్లీ ఆమె ముందు చాపాడు.

"మింగిన మేడం. ఇప్పుడు చూడుండ్రి."

నేనింకా గొంతులోనే ఉన్నాను.